నాదైతే మొత్తుకునుడు, నీదైతే ఒర్రుడు

ఒకే అరుపుకు కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు రెండు పేర్లున్నాయి. అరిచింది నేనైతే ‘ఎంత మొత్తుకున్నా ఇనలే’ అంటాను. అరిచింది అవతలివాడైతే ‘పొద్దుగాల సంది ఒర్రుతనే ఉన్నడు’ అంటాను. గొంతు అంతే లేచింది, కోపమూ అంతే, తిట్లు కూడా చాలావరకు అవే. తేడా అంతా చెప్పేవాడు ఎటు నిలబడి చెబుతున్నాడన్న దగ్గరే. పక్కింట్లో అత్తాకోడళ్లు అరుచుకున్నారనుకోండి. అత్త మీద జాలి ఉన్నవాళ్లు ‘పాపం, ముసల్ది ఎంత మొత్తుకున్నది’ అంటారు. కోడలి మీద జాలి ఉన్నవాళ్లు ‘ఆమెకు దినాం ఒర్రుడే’ అంటారు.

మనుషులు మాట్లాడే తీరును చెప్పే పదాలు తెలుగులో కుప్పలుగా ఉన్నాయి. వాటిని పోగుచేసిన నిఘంటువులూ ఉన్నాయి. ఏ పదాన్ని ఎవరు ఎవరి గురించి అంటారు, తన గురించి తాను అనుకుంటారా లేదా అన్న సంగతికి మాత్రం వాటిలో చోటు దొరకలేదు. ఈ పదాల అసలు పని అక్కడే ఉందని నా వాదన.

ముందు నిఘంటువుల సంగతి. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేసినప్పుడు కావ్యాల మాటల పక్కనే వాడుక మాటలనూ కూర్చోబెట్టాడు. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ ప్రధానంగా కావ్యభాష కోసం పుట్టింది. పిఠాపురం సంస్థానం అండతో వెలువడిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ వెనక ఉన్న జయంతి రామయ్య పంతులు గ్రాంథికవాదానికి పెద్ద దిక్కు. కావ్యంలో ఎక్కని మాటకు అందులో ప్రవేశం కష్టం. ఆ లెక్కన మన ‘ఒర్రుడు’ గుమ్మం బయటే.

జనం నోటి మాట కోసం ఊళ్లమీద పడి తిరిగిన పని భద్రిరాజు కృష్ణమూర్తిది. ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద వచ్చాయి. తెలుగు నేలను నాలుగు భాషా మండలాలుగా చూడటం ఆ పనితోనే స్థిరపడింది. నాగలికి ఏ ఊళ్లో ఏమంటారు, మగ్గంలో ఏ పుల్లకు ఏ పేరు అని అంత ఓపికగా అడిగి రాసుకున్న పని మరో భారతీయ భాషలో అప్పటికి అరుదు. అయితే అది వృత్తి పదాల కోశం. మాట్లాడటం ఎవరి వృత్తీ కాదు కాబట్టి దాని పదాలు ఆ జల్లెడలోంచి జారిపోయాయి. పంచాయితీ పెద్దమనిషికీ, పెండ్లి సంబంధాలు కుదిర్చేవాడికీ, సంతలో పశువుల బేరం కుదిర్చేవాడికీ మాటే పనిముట్టు అనుకుంటే కథ వేరుగా ఉండేది.

తర్వాత నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’, రవ్వా శ్రీహరి ‘నల్లగొండ జిల్లా ప్రజల భాష’ ఈ లోటు చాలా తీర్చాయి. భాస్కర్‌ది కామారెడ్డికి ఆనుకునే ఉన్న పాత కరీంనగర్ జిల్లా కాబట్టి ఆయన పోగుచేసిన మాటల్లో ఎక్కువభాగం ఈ ప్రాంతానికీ సొంతమే. గులుగుడు, గునుసుడు, బుదరకిచ్చుడు, పొంకనాలు, పరాష్కాలు వంటి మాటలకు అచ్చులో గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. కానీ పదకోశం స్వభావమే అంత: ఎడమన మాట, కుడిన అర్థం. ‘గులుగుడు అంటే గొణగడం’ అని తేల్చాక, ‘నేను గులుగుతున్న’ అని ఎవరూ అనరన్న ముక్క ఎక్కడ రాస్తారు?

నిజంగానే ఎవరూ అనరు. లోలోపల విసుక్కుంటూ మాట్లాడేవాణ్ని ‘ఏందిరా గులుగుతున్నవ్’ అని అడగండి. ‘గులుగుతలేను, ఉన్నది చెప్తున్న’ అంటాడు. పని చెబితే మూతి ముడుచుకుని సతాయించే పిల్లాణ్ని ‘గునుస్తున్నడు’ అంటారు. ఆ పిల్లాడి దృష్టిలో తనకు చేతకావడం లేదు, అంతే. ఇలాంటి జంటలు వెతికేకొద్దీ దొరుకుతాయి. నేను చేసింది సంజాయించుడు, నువ్వు చేసింది బుదరకిచ్చుడు. నేను ఆయన చెవులేసిన, నువ్వు చాడీలు చెప్పినవ్. మేము ముచ్చట పెట్టుకున్నం, వాళ్లు గుసగుసలు పెట్టిండ్రు. నేను అడిగిన, నువ్వు దబాయించినవ్. నేను నవ్వులాటకు పరాష్కమాడిన, నువ్వు ఎక్కిరిచ్చినవ్. నా గురించి నేను చెప్పుకుంటే అది ముచ్చట. నీ గురించి నువ్వు చెప్పుకుంటే గప్పాలు, ఇంకాస్త ముదిరితే పొంకనాలు.

మినహాయింపులు లేకపోలేదు. చాలాసేపు మాట్లాడి లేవబోతూ ‘నేనే ఊకె సోది పెడుతున్న’ అంటారు కొందరు. అది ఒప్పుకోలు కాదు, మర్యాద. ఎదుటివాడు ‘అయ్యో, అదేం మాట, కూసోండ్రి’ అనాలని అందులో ఉంది. ఎదుటివాడు నిజంగానే ‘ఔ, చాలా సేపైంది’ అంటే తర్వాత ఆ ఇంటి గడప తొక్కరు.

ఈ పక్షం సంగతి అన్నిటికన్నా తేటగా కనబడేది గెట్టు పంచాయితీలో. చెలక హద్దు మీద అన్నదమ్ములు తగువుపడి పెద్దమనుషుల ముందుకొస్తే మాట ఇట్లా నడుస్తుంది. అన్న మొదలుపెడతాడు: ‘నేను నిమ్మళంగనే చెప్పిన. సంజాయించిన. వీడు ఇంతెత్తు లేసి నా మీదికి ఎగవడ్డడు.’ తమ్ముడు అందుకుంటాడు: ‘ఏం సంజాయించిండు? నలుగుట్ల నన్ను బద్నాం జేసిండు. నేను అడిగిన, గంతే. అడుగుడు గూడ తప్పేనా?’ ఇద్దరి మాటల్లోనూ ఇంతవరకు గెట్టు దగ్గర పుట్టిన మాట ఒక్కటీ లేదు. ఉన్నదంతా ఆ మాటలకు ఎవరికి వారు పెట్టుకున్న పేర్లు. తల నెరిసిన పెద్దమనిషికి ఇది తెలుసు. ‘గవన్నీ ఇడిసిపెట్టుండ్రి. నువ్వేమన్నవ్, ఆయనేమన్నడు, అన్న మాట అన్నట్టు చెప్పుండ్రి’ అంటాడు. అప్పుడు గానీ ‘భూమి నీ అయ్య జాగీరా అన్నడు’ అన్నది బయటికి రాదు. సంజాయించుడు, ఎగవడుడు, బద్నాం చేసుడు అన్నీ పక్కకు తోసి ఒక్క ‘అను’ను మిగల్చడమే ఆయన చేసే పని. తీర్పు సగం అక్కడే అయిపోతుంది.

ఆ ‘అను’ తెలుగులో చాలా బరువు మోస్తుంది. పక్షం లేని మాట అదొక్కటే అన్నా తప్పులేదు. పైగా ఎదుటివాడి మాటను వాడి నోటితోనే ఉంచుతుంది: ‘రేపొస్తనన్నడు’లో క్రియ వచ్చేవాడి సొంతం, మనం మార్చలేదు. అదే ‘రేపొస్తడంట’ అన్నామా, మాట మనది కాదు, పూచీ మనది కాదు అని చేతులు దులుపుకున్నట్టే. ఊళ్లో ఒకరి మీద పడే అపవాదు ఏదైనా ఈ ‘అంట’ మీదే ప్రయాణం చేస్తుంది. పెద్దమనుషులు ‘అంట’ను సాక్ష్యంగా తీసుకోరు. ‘ఎవలన్నరు? పేరు చెప్పు’ అంటారు.

‘అను’కు ఇంకో పెత్తనం కూడా ఉంది. కడుపు గురగురమంటుంది, గుండె ఝల్లుమంటుంది, పొయ్యిమీద పాలు చుయ్యిమంటాయి. నోరున్నదీ లేనిదీ అన్నీ తెలుగులో ‘అంటాయి’. ఇలాంటి ధ్వన్యనుకరణ మాటలు ద్రావిడ, ఇండో ఆర్య భాషల కుటుంబాలు దాటి దేశమంతా ఉమ్మడిగా ఉన్నాయని ఎం.బి. ఎమెనో 1969లో చూపించాడు. తెలుగులో వీటి మీద పేరి భాస్కరరావు పుస్తకం 1977లో పుణెలోని దక్కన్ కాలేజీ నుంచి వచ్చింది. ధ్వనులు, ఆమ్రేడితాలు ఎలా ఏర్పడతాయో తెలియాలంటే అదే చదవాలి. మాట తీరుకు వాడే గడగడ, లొడలొడ, వటవట, లబలబ, గుసగుస వినడానికి ఉత్త చప్పుళ్ల లాగే ఉంటాయి. కాని ఇక్కడా ఆ పక్షం దూరింది. మన పిల్లాడు పాఠం గడగడ చెప్పేస్తాడు, పక్కవాళ్ల పిల్ల వటవట వాగుతుంది.

లోకంలో ఇతర చోట్ల ఇదెలా ఉందని చూస్తే, మెక్సికోలోని చామూలా జనం మాట రకాలను గ్యారీ గాసెన్ అధ్యయనం చేశాడు. 1974 నాటి పుస్తకం. వాళ్లు మాటను వేడిని బట్టి మెట్లు కడతారు: మామూలు మాట చల్లన, కోపపు మాట వేడి, దేవుడి ముందు పలికేది ఇంకా వేడి. ఇంగ్లీషు మాట క్రియలకు అన్నా వెజ్‌బిట్స్కా 1987లో ఏకంగా ఒక నిఘంటువే రాసింది. ఒక్కో క్రియ వెనక మాట్లాడేవాడి ఉద్దేశం ఏమిటన్నది ఆమె పట్టు. మన దగ్గర వేడీ ఉంది, ఉద్దేశమూ ఉంది. కానీ ఆ ఉద్దేశాన్ని అంటగట్టేది ఎవరన్న ప్రశ్న మొదట వస్తుంది.

వేషగాళ్ల, వాయిద్యాల నుంచి వచ్చిన మాటల మీద ఎవరైనా కూర్చుంటే ఒక మంచి పుస్తకమవుతుంది. వంత పాడటం, తానతందాన అనడం, భజన చేయడం, డప్పు కొట్టడం, రాగం తీయడం, సన్నాయి నొక్కులు నొక్కడం, పురాణం విప్పడం, ఇలా ఎన్నో. ఒగ్గుకథలో వంత లేకపోతే కథ నడవదు, అక్కడ వంతగాడికి విలువ ఉంది. పంచాయితీలో ‘వంత పాడకు’ అంటే చిన్నతనం. సోది కూడా అంతే, ఎరుకలామె చెప్పినప్పుడు చేటలో బియ్యం పోసి మరీ వినేవారు. కళ ఊళ్లోకి వచ్చినన్నాళ్లూ గౌరవంగా చూసి, దాని పేరును మాత్రం తిట్టుగా మిగుల్చుకున్నాం.

ఉర్దూ పొర వేరు. నిజాం రాజ్యంలో 1948 దాకా కచేరీ భాష అదే కాబట్టి మాటలోని తగాదా భాగానికి అది చాలా సరుకిచ్చింది: బయాన్, గవాయి, తకరారు, బహస్, సవాల్, జవాబు, బద్నాం. దాని పక్కనే బాతాఖానీ, గప్పాలు, మజాక్, నకరాలు వంటి తీరిక మాటలు. నడుమ రకం, అంటే ఒకరి మనసు కనిపెట్టి ఓదార్చి మాట్లాడే రకం, దాదాపు తెలుగులోనే ఉండిపోయింది. సంజాయించుడు ఒక్కటే ఆ గుంపులోకి వచ్చి కూర్చున్న ఉర్దూ మాటలా కనబడుతుంది. ఇక ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట చుట్టున్న లంబాడా తండాల గోర్‌బోలీ, జుక్కల్, మద్నూర్ వైపు మరాఠీ, కన్నడం ఈ లెక్కలోకి చేర్చాల్సినవే. అవి ఆ భాషల్లో పుట్టినవాళ్లు రాయాల్సిన వ్యాసాలు.

ఒకే తెలుగులో ఒకరి మర్యాద ఇంకొకరికి తిట్టుగా వినబడటం కామారెడ్డి జిల్లాలో రోజూ జరిగేదే. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని కాలువల కింద సాగుకు కోస్తా నుంచి రైతు కుటుంబాలు వచ్చాయి. బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పేరు చివర ‘క్యాంపు’ అని ఉండే ఊళ్లు వాళ్లవే. ఇక్కడివాళ్లు వయసులో పెద్దయిన మగవాణ్ని చనువుగా, ఆప్యాయంగా ‘రాయే అన్నా’, ‘ఏందే కాకా, మంచిగున్నవా’ అంటారు. కోస్తాలో ‘ఏమే’, ‘రావే’ ఆడవాళ్లను, అదీ చిన్నవాళ్లను పిలిచే తీరు. కొత్తగా వచ్చిన కమ్మవారింటి పెద్దాయనకు ‘రాయే’ ఎలా వినబడిందో ఊహించుకోవచ్చు. ‘మందలించుడు’ ఇంకా చిత్రం. అటు అది కసిరి బుద్ధి చెప్పడం. ఇటు అది పలకరించి యోగక్షేమం అడగడం. చావింటికి పోయి రావడాన్ని ‘మందలిచ్చొచ్చిన’ అంటారు. ఆ పక్కనే ‘అర్సుకునుడు’ ఉంది. దానిలో అడగడం ఒక్కటే లేదు, పోయి చూసి అవసరమైంది చేసి రావడం కూడా ఉంది. బాన్సువాడ పిల్లను నాయికగా పెట్టి శేఖర్ కమ్ముల 2017లో తీసిన ‘ఫిదా’ వచ్చాక ఈ యాసకు తెరమీద ప్రేమకథ దక్కింది. అంతకుముందు దాని వాటా ఎక్కువగా రౌడీలదీ హాస్యగాళ్లదీ. కానీ ‘ఏందే’లోని ఆప్యాయత సినిమాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. తెరమీద అది దురుసుతనంగానే ఎక్కువ పలుకుతుంది.

మాట్లాడకపోవడానికి ఉన్న పదాలను మాట పదాలతో కలిపి చదవాలి. వీటి మీద ఏ నిఘంటువూ చాలినంత శ్రద్ధ పెట్టలేదు. ‘ఊకో’ అన్న ఒక్క మాటనే తీసుకోండి. ఏడుస్తున్న బిడ్డ వీపు నిమురుతూ ‘ఊకో బిడ్డా, ఊకో’ అంటారు. అదే మాటను పళ్లు బిగించి అంటే నోరు మూసుకోమని. ‘సప్పుడు చేయకు’ బెదిరింపు. ‘సప్పుడు లేదు’ అనుమానం. ‘సప్పుడు చేయక పోయిండు’ మెచ్చుకోలు కూడా కావచ్చు, గొడవలో తలదూర్చనివాడి గురించి అంటే. ‘మాకు మాటల్లేవు’ అన్నది మాత్రం వీటన్నిటికంటే వేరు. అది అలక కాదు, ప్రకటించిన స్థితి. ఊరంతటికీ తెలుసు. రెండిళ్ల మధ్య మాటల్లేకపోతే కబురు మూడో ఇంటి ద్వారా పోవాలి, బావి దగ్గర ఎదురైతే తల తిప్పుకోవాలి, పెండ్లి పిలుపు ఇవ్వాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద చర్చ. ‘మాట వరుసకు పిలిచిండు’ అన్న నింద ఈ చర్చల్లోంచే పుట్టింది. చావు మాత్రం ఈ నియమానికి లొంగదు. ఏండ్ల తరబడి మాటల్లేని ఇంట్లో పీనుగ లేస్తే వెళ్లి మందలించాలి. వెళ్లకపోతే ఊరు ఊరుకోదు. అలా వెళ్లిన రోజున ఏమీ మాట్లాడకపోయినా ‘మాట కలిసింది’ అంటారు.

ఆడవాళ్ల మాట గురించి చెప్పకుండా ఈ సమీక్ష ముగించడం అన్యాయం. ఎందుకంటే మాటను తక్కువచేసే పదాల్లో పెద్ద వాటా వాళ్ల మీద వేసినవే: నోరు పెట్టుకుంటది, మూతి తిప్పుతది, దీర్ఘాలు తీస్తది, దెప్పుతది, సాధిస్తది. మగవాళ్లు కల్లు దుకాణం ముందు గంటల కొద్దీ కూర్చుంటే అది ముచ్చట, ఆడవాళ్లు నలుగురు గల్మ ముందు కూర్చుంటే ‘పనీ పాటా లేదు’. నిజానికి ఈ జిల్లాలో అలా కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లో ఎక్కువగా పనే ఉంటుంది. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. కళ్లు ఆకు మీద, వేళ్లు చుట్టడం మీద, నోరు ముచ్చట మీద. బీడీల లెక్క కార్ఖానాలో అప్పజెప్పాలి కాబట్టి చెయ్యి ఆగకూడదు. చెయ్యి ఆగకూడదు కాబట్టి ముచ్చటా అట్లాగే సాగుతుంది. ‘ఒడువని ముచ్చట’ అన్న మాటను అక్కడ కూర్చుని వింటే తెలుస్తుంది, ఒడవకపోవడం లోపం కాదని. ఒకామె చెబుతుంటే తక్కినవాళ్లు ‘ఊఁ’, ‘గట్లనా’, ‘గంతేనా’, ‘అవ్వో’ అంటూ అందుకుంటారు. ఆ నాలుగు మాటలతోనే నమ్మకం, అనుమానం, నిరాశ, దిగ్భ్రమ అన్నీ చెప్పేస్తారు. చెప్పే ఆమెకు అదే తాళం.

పత్రికలది మరో లోకం. అక్కడ ‘అన్నారు’ అంటే వార్త చప్పబడుతుందని భయం. మండిపడ్డారు, దుయ్యబట్టారు, ధ్వజమెత్తారు, ఎద్దేవా చేశారు, నిప్పులు చెరిగారు, హితవు పలికారు. 2023 నవంబరు ఎన్నికల్లో కామారెడ్డి మీద రాష్ట్రమంతా కన్నేసింది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు ఎ. రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ పోటీ చేశారు, గెలిచింది బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకట రమణారెడ్డి. అలాంటి పోరు నడుస్తున్నప్పుడు ఒక సభలో నాయకుడు మాట్లాడిన ఒకే వాక్యం ఒక పత్రికలో ‘స్పష్టం చేశారు’ అవుతుంది, ఇంకో పత్రికలో ‘నోరు పారేసుకున్నారు’ అవుతుంది. గెట్టు కాడ అన్నదమ్ములు చేసేదే ఇది. తేడా ఒకటే: అక్కడ ‘అన్న మాట అన్నట్టు చెప్పు’ అనే పెద్దమనిషి లేడు. ఠాణా తెలుగుది అటు చివర. ఎంత బూతు తిట్టినా ఫిర్యాదు కాగితంలో ‘అసభ్య పదజాలంతో దూషించి’ అని ఒకే ముక్క. దాన్ని బట్టి తిట్టిందేమిటో ఎవరికీ తెలియదు.

ఇంగ్లీషు మీడియం బడులు, గల్ఫ్ నుంచి వచ్చే వాయిస్ మెసేజ్‌లు, ఫోన్ తెర ఈ పదజాలాన్ని తినేస్తున్నాయని బాధపడేవాళ్లున్నారు. కొన్ని మాటలు పోతున్న మాట నిజం. ఇరవై ఏళ్ల పిల్లల నోట ‘బుదరకిచ్చుడు’ వినబడటం తక్కువే. దాని స్థానంలోకి ‘సోప్ వేసుడు’, ‘మస్కా కొట్టుడు’ వచ్చాయి. పొంకనాల చోట ‘బిల్డప్’ కూర్చుంది, దెప్పుడు ‘సెటైర్’ అయింది, గునుసుడు ‘ఓవర్ యాక్షన్’ అయింది. మాటలు కొత్తవి, ఇంగ్లీషువి. పంచుకునే తీరు మాత్రం మారలేదు. మస్కట్ నుంచి తమ్ముడు పెట్టిన వాయిస్‌కు మూడు రోజులు జవాబివ్వని అన్న ‘నేను జర ఫీలైన’ అంటాడు. అదే మూడు రోజులు తమ్ముడు జవాబివ్వకపోతే, ‘వీడు ఓవర్ చేస్తున్నడు’.